ముక్కల మూట

ములకలపల్లి,
మంగళవారం.

బిడ్డ తబితాకు నాన్న దీవెనలు. నేను బాగానే ఉన్నాను, వేళకు తింటున్నాను. నువ్వూ, అల్లుడుగారూ, కడుపులో పాపా క్షేమంగా ఉండాలని నా ప్రార్థన. డాక్టరమ్మ మెట్లే ఎక్కొద్దంది కదా, ఇప్పుడు గుంటూరు నుంచి ప్రయాణం పెట్టుకోకు.

అమ్మ చివరి రోజు ఎలా గడిచిందని అడిగావు. పొద్దున గంజి తాగింది. మంచం మీద కూర్చుని బొంత ముక్కలు జత చేసింది. మధ్యాహ్నం ఆయాసం ఎక్కువైంది. అంబులెన్సు రావడానికి గంట పట్టింది. అందులో నా చెయ్యి పట్టుకుని, "ముక్కల మూట అటక మీద వెట్టు. కింద ఎలుకలు కొడ్తయి" అంది. సరేనన్నాను. పాల్వంచ చేరకముందే పోయింది.

ఇక బొంత సంగతి. ఆ మూటను ఎలుకలు కొట్టాయని ఫోన్‌లో చెప్పాను. అది అబద్ధం. నీ గొంతు వింటూ నిజం చెప్పలేను కనుక రాస్తున్నాను.

సమాధి చేసిన తొమ్మిదో రోజు, పాత బట్టలకు స్టీలు గిన్నెలిచ్చే జంపయ్య మన వీధికి వచ్చాడు. అమ్మ చీరలన్నీ వేశాను. మూట కూడా వేశాను. అందులో నీ చిన్నప్పటి గౌను, నా పెళ్ళి చొక్కా, దర్జీ అక్బరీ బేగం ఇచ్చిన పీలికలు, అంగడిలో కొన్న పాత చీరల అంచులు ఉన్నాయని తెలుసు. పాప కోసమనీ తెలుసు. సూది గుచ్చిన ఆ ముక్కలు కంటపడుతుంటే ఇంట్లో ఉండలేకపోయాను. బదులుగా వచ్చిన గిన్నెలోనే రోజూ అన్నం తింటున్నాను.

నెల తర్వాత జంపయ్య ఊరు ఏన్కూరు వెళ్ళి అతన్ని పట్టుకున్నాను. "చీరలు ఖమ్మంల అమ్మిన సారూ. ముక్కలెవలు కొంటరు? మెకానిక్ షెడ్డోళ్ళకిచ్చిన, చేతులు తుడ్సుకుంటరని" అన్నాడు. షెడ్డుకు వెళ్ళాను. నూనె గుడ్డల కుప్పలో నీ గౌను జేబు ఒక్కటి దొరికింది. రెండుసార్లు సబ్బు పెట్టినా నలుపు పోలేదు.

అక్బరీ బేగంకు చెప్పాను. చాలాసేపు మిషను తొక్కుతూనే ఉంది. తర్వాత, "ఇన్నమ్మ బతికుంటె నిన్ను ఇంట్లకు రానియ్యకపోతుండె సారూ" అంది. ఇంకాసేపటికి సూది నా ముందు పెట్టి, "డిగ్రీ సదివినవ్, దారం ఎక్కియ్యొస్తదా?" అంది. పాప కోసం కొత్త బొంత కుట్టడం వారం నుంచి నేర్పుతోంది. నా కుట్లు వంకర. బొంత పైవైపు ముక్కలు ఆమే ఇచ్చింది. "పసిబిడ్డ ఒంటికి తగిలే దిక్కు మెత్తటి పాత చీర ఉండాలె. ఒకటన్న మిగిల్చినవా?" అని నిన్న అడిగింది.

ఒకటి మిగిలింది. ఆ రోజు అమ్మ ఒంటి మీదున్న నీలం నేత చీర. దవాఖానాలో కవరులో పెట్టి ఇచ్చారు. పోయినవాళ్ళ బట్ట పసివాళ్ళకు వద్దంటారు కొందరు. అమ్మ అవి నమ్మేది కాదు.

నెలన్నరగా ఆ కవరు నా తలగడ పక్కనే ఉంది. తెరుస్తాను, మళ్ళీ మూసేస్తాను. ఇంతవరకు నీళ్ళు తగలనివ్వలేదు.

రేపు పొద్దున నీళ్ళు కాచి ఆ చీర ఉతుకుతాను.

ఇట్లు,
నాన్న.