పోల్ వంచింది నేను కాదు

12, ఆదివారం

తప్పు నామీద రాసినారు. గుంతలకు గుర్తుగా కొట్టిన పెగ్గులు పద్నాలుగు సెంటీమీటర్లు పక్కకు పోయింది నేను జీపీఎస్ పోల్ వంచి పట్టుకున్నందుకే అంట. కాగితం అరబ్బీలో. కింద సంతకానికి గీత. పెట్టలే.

రెండు వార్నింగులు ముందే ఉండాయి, ఎదురు మాట్లాడినందుకు. ఇది మూడోది. ఒప్పుకుంటే ఇఖామా ఖలాస్ — ఈ దేశంలో ఉండే పర్మిట్ పాయె, ఇంటికే.

పోల్ నిటారుగా ఉందో లేదో చూపించే బబుల్ నడిమధ్యలో ఉండె. నేను చూస్తానే ఉన్నా.

13, సోమవారం

గురువారం జరిగింది ఇక్కడన్నా సరిగ్గా రాసి పెట్టుకోవాల.

దానికి రెండు రోజుల ముందు సూర్యుడి మీద పెద్ద పేలుడు. ఫోన్లో చూసినా. అక్కడ లేచింది భూమికి తగిలితే పైన గాలి పొర కలకబారతాది, శాటిలైట్ సిగ్నల్ దాంట్లో తడబడతాది, జీపీఎస్ అబద్ధం చెప్తాది. ఎవరూ నేర్పలే. టెన్త్ ఫెయిలు నేను. సైట్ బస్సులో కూర్చొని, అర్థమయ్యేదాకా చదివినా.

పొద్దున్నే చెప్పినా శ్రీకాంత్ సార్‌కి — మా సర్వే ఇంజనీరు, బెజవాడాయన. "సార్, ఈరోజు తుఫాను. ముందు బోల్టు మీద చెక్ చేద్దాం."

గేటు దగ్గర సిమెంటులో బోల్టు. అది ఖచ్చితంగా ఏ చోట ఉందో మాకు ముందే తెలుసు. పని మొదలుపెట్టే ముందు పోల్ దానిమీద పెట్టి చూడాల. రోజూ. అది పద్ధతి.

ఆయన తలెత్తి చూసి — "మబ్బు కూడా లేదు, తుఫానేంటయ్యా?"

నవ్వు. "స్క్రీన్ పచ్చగానే ఉందిగా. జేసీబీ వచ్చి నిలబడింది. యల్లా, పెగ్గులు కొట్టు."

కొట్టినా. టీ టైములో ఒక్కడినే పోయి బోల్టు మీద పెట్టినా... పద్నాలుగు తేడా! ఫోటో తీసి చూపించినా. "తర్వాత చూద్దాంలే."

పదకొండు పెగ్గుల్లో ఆరు, ఆ టీ తర్వాత కొట్టినవే. తెలిసీ కొట్టినా. అది నా తప్పు. అదొక్కటే.

గుంతలు తవ్వినాక పాత గోడ నుంచి కొలిస్తే బయటపడింది. అన్నీ ఒకే దిక్కుకు జరిగినాయి. చెయ్యి వణికితే తలొక దిక్కుకు పోవాల గదా? ఎవడూ అడగడే.

14, మంగళవారం

ఖైతాన్‌లో మేముండే రూములో, నా పక్క మంచం ఓబులేసన్న ఎగతాళి. "ఒరే సైంటిస్టూ, ఆ తుఫానుకు ఆకాశంలో రంగులు కనపడతాయంట గదా. మిద్దెక్కుదామా?"

ఇక్కడ కనపడవన్నా. అవి ధ్రువాల పక్కోళ్లకు. చానా పెద్దది వస్తే ఉత్తరం అంచున కెమెరాకు రవ్వంత ఎరుపు చిక్కొచ్చు. దుమ్ము, ఈ లైట్లు లేకుంటే.

"అంటే రంగులు వాళ్లకు, తిట్లు నీకు!"

అందరూ నవ్వినారు. తర్వాత మెల్లగా — "సంతకం పెట్టేయ్‌రా. ఆయప్ప ఇంజనీరు, నువ్వు పోల్ పట్టేవాడివి. ఎవరి మాట నమ్ముతారు?"

బోల్టు మాట నమ్మమను.

15, బుధవారం

ఈపొద్దు ఆకాశం నిమ్మళం. మళ్లా బోల్టు మీద పెట్టినా. ఒక్క సెంటీమీటరే తేడా. అదే పోల్, అదే చెయ్యి. రెండో ఫోటో.

సార్ క్యాబిన్‌కు పిలిచినాడు. "నీ మేలుకే చెప్తున్నా. పెట్టేయ్, ఇంటికి పంపకుండా నేను చూసుకుంటా."

"చెక్ వద్దన్నది మీరు గదా సార్. మీరు పెట్టండి."

"సూర్యుడి మీదికి నెడతావా? ఆఫీసులో నవ్విపోతారు."

నవ్వనీ. నవ్వడం అయినాక ఫోటోలు చూడనీ.

16, గురువారం

సార్‌కు మెసేజ్ పంపినా. మాట పొల్లు పోకుండా ఇక్కడా రాసుకుంటున్నా —

శ్రీకాంత్ సార్, పోల్ వంచినాడు అన్న మాట కొట్టేయాల. బోల్టు మీద చూడకుండా కొట్టమన్నది మీరని రాయాల. తేడా ఉందని తెలిసీ ఆరు పెగ్గులు కొట్టింది నేనని కూడా రాయండి, ఆ కాగితానికి సంతకం పెడతా. లేదంటే రెండు ఫోటోలు పట్టుకొని మిర్కాబ్‌లో మన కంపెనీ పెద్దాఫీసుకు నేనే పోతా. ఆదివారం పొద్దున ఏడింటి లోపల జవాబు కావాల.