కన్నతల్లితో మాట్లాడుకొనుటకు దుబాసీ

సాంస్కృతిక సమ్మేళన శాఖ అధికారి గారి సముఖమునకు,

విషయం: నాకునూ మా అమ్మకునూ నడుమ ఒక దుబాసీని మంజూరు చేయుట గురించి.

అయ్యా,

బస్ స్టేషన్‌లో అనౌన్సరుగా పనిచేయుచున్న నేను సవినయంగా విన్నవించుకొనునది ఏమనగా,

1. మేము ఈ దేశం వచ్చేనాటికి నాకు నాలుగేళ్ళు. నా యాసకు బడిలో పిల్లలు నవ్వుతున్నారని మా అమ్మ ఇంట్లో మా భాషను నిషేధించినది. "తప్పో ఒప్పో, ఇక్కడి మాటే మాట్లాడు. మన మాటలో అడిగితే అన్నం కూడా పెట్టను" అనేది. అన్నంత పనీ చేసింది. అందుకు తమ శాఖ వారు ఆవిడకు 'ఆదర్శ మాత' ప్రశంసాపత్రం ఇచ్చియున్నారు.

2. తత్ఫలితంగా నేను ఈ భాషను సామెతలతో సహా ఔపోసన పట్టితిని. నా గొంతు విన్న ప్రయాణికులు నన్ను ఏడు తరాలుగా ఈ గడ్డవాడనే అనుకుంటారు. మా భాషలో నాకు మిగిలినది 'రా', 'వద్దు', ఒక జోలపాటలో సగం ముక్క. దాని అర్థం తెలియదు.

3. గత నెలలో మా అమ్మకు పక్షవాతం వచ్చినది. చూపు సరిగా ఆనదు. ఇక్కడి భాష మొత్తం తుడిచిపెట్టుకుపోయినది. చివర నేర్చుకున్నదే ముందు పోతుందని డాక్టరు గారు చెప్పారు. ఆవిడ తన భాషలో గలగలా మాట్లాడుతుంటే నేను వెర్రిమొహం వేసుకుని కూర్చుంటున్నాను. నీళ్ళడిగితే దుప్పటి కప్పుతున్నానేమో, ఆ దేవుడికే తెలియాలి.

4. దుబాసీ కోసం తమ కార్యాలయమునకు రాగా, గుమాస్తా గారు "ఏంటి సార్, నాకంటే మీరే శుభ్రంగా మాట్లాడుతున్నారు. మీకు దుబాసీనిస్తే ఆడిట్ వాళ్ళు నవ్వుతారు" అన్నారు. పోనీ మా అమ్మ పేరున ఇమ్మంటే, ఆవిడ భాషా పరీక్ష ఏనాడో ప్యాసయినదట. అది రద్దు కావాలంటే ఆవిడే స్వయంగా వచ్చి, తనకు ఇక్కడి భాష రాదని ఇక్కడి భాషలో వివరించాలట.

5. మా వాళ్ళ సంఘానికీ వెళ్ళితిని. పెద్దాయన నన్ను ఎగాదిగా చూసి, "ఇన్నేళ్ళూ మా గడప తొక్కలేదు. ఇప్పుడు గుర్తొచ్చామా బాబూ?" అని టీ ఇచ్చి పంపించారు. 'రెంటికీ చెడ్డ రేవడి' అన్నదానికి బడిలో అర్థం రాసి పదికి పది తెచ్చుకున్నవాడిని. అసలర్థం ఇప్పుడు తెలిసింది.

కావున ఒక్క గంటకైనా దుబాసీని ఇప్పించవలెననియు, వీలుకానిచో నన్ను తిరిగి పరాయివాడిగా నమోదు చేయవలెననియు ప్రార్థన. నా మొర చిత్తగించవలెను.

తమ చేతులమీదుగా తయారైన
తమ విధేయుడు,
బస్ స్టేషన్ అనౌన్సరు

తా.క.: నొప్పెక్కడో అడగడానికి కాదండీ, అది డాక్టర్లు చూసుకుంటారు. నేను ఇక్కడి మాటలో పలకరించగానే ఆవిడ భయంగా బట్టలు సర్దుకుని, ఆడే చేత్తో దిండు కింద నుంచి గుర్తింపు కార్డు తీసి నాకు చూపిస్తోంది. నేను మీ ఆఫీసు నుంచి రాలేదని, ఆవిడ కొడుకునని ఎవరైనా చెబితే చాలు.