గింజల పొట్లాల్లో కెమిస్ట్రీ

నాయనా తవ్వాబ్, ఇక్కడ అస్యూత్‌లో నేనూ నీ కూతురు రావియా క్షేమం. నేనొక వెధవ పని చేశాను. డాక్టరు సీటు పరీక్షకని అది కెమిస్ట్రీ సిలబస్ మొత్తం రాసుకున్న నోట్సును, పాత పుస్తకమనుకుని చించి, మన కొట్లో గుమ్మడి గింజలకు పొట్లాలు కట్టి అమ్మేశాను.

"తాతా, నా నోట్సు చూశావా?" అంది. "నీ చదువుకు జడిసి పారిపోయిందేమోనే!" అని ఎగతాళి చేసి తప్పించుకోబోయాను. అంతలో మంగలి ఫర్గలీ చేతిలో పొట్లం మీద తన రాత చూసింది. అప్పట్నుంచి వీధంతా తిరిగి కాగితాలు అడుక్కుంటోంది.

పరీక్షకు పన్నెండు రోజులే. ఈ కార్డు అందగానే, నిరుడు సీటొచ్చిన మీ అక్క కూతురి నోట్సు రైల్లో పంపు. మేక ఈనిందా? ఈ నోట్సు సంగతి మీ అమ్మకు చెప్పకు, ఏడాదంతా దెప్పుతుంది.

అందరికీ నా దీవెనలు. రావియాకు మాత్రం ఆ దీవెనలు నువ్వే పంపు, నాకు మొహం చెల్లడం లేదు.