అరవై మూడు గంటల వేడి

మహాఘనత వహించిన మా దర్జీ అక్కకు,

నీ తోక, అనగా నీ తమ్ముడు, నమస్కరించి విన్నవించుకునేది. ఫోన్‌లో చెబితే నవ్వులో కొట్టుకుపోతుందని ఉత్తరం రాస్తున్నాను.

మా పరిశోధనశాలలో ఒక రకం గోధుమ ఉంది. మొలకలు ఎనిమిది వారాలు చలిలో ఉంటే తప్ప కంకి వేయదు. దాని లోపల ‘ఇప్పుడే పూయకు’ అని ఆజ్ఞాపించే జన్యువు ఒకటుంటుంది. చలి దాని నోటికి మెల్లమెల్లగా తాళం వేస్తుంది. జన్యువులో ఒక్క అక్షరమూ మారదు, తాళం మాత్రం పడుతుంది. తర్వాత ఎండలో పెట్టినా మొక్క ఆ చలిని మరిచిపోదు. తాళం పూర్తిగా బిగియకముందే బాగా వేడి తగిలితే మాత్రం ఊడిపోతుంది.

ఊడగొట్టిన మహానుభావుణ్ణి నేనే. అయిదో వారం, శుక్రవారం సాయంత్రం, చలిగది కడుగుతూ ట్రేలు బయట పెట్టాను. వరండాలో చోటు లేక ఒకదాన్ని బాయిలర్ గదిలో దించాను. అప్పుడే బావ మీసాలు తీసేశాడని నువ్వు ఫోన్ చేశావు. మిగతావి లోపల సర్ది, నవ్వుకుంటూ వెళ్లిపోయాను. సోమవారం పొద్దున ఆ ట్రేను చలిగదిలోకి చేర్చి, గడువు ముగిశాక నోట్‌బుక్‌లో ‘ఎనిమిది వారాలు, నిరాటంకం’ అని దస్తూరీ దిద్ది మరీ రాశాను.

ఇప్పుడు మిగతా ట్రేలన్నీ కంకులు వేశాయి. అది మాత్రం గడ్డిలా పెరుగుతోంది. మా శాల నడిపే మేడం తొమ్మిదేళ్లు కష్టపడి తయారుచేసిన కొత్త విత్తనం ఉన్నది ఆ ఒక్క ట్రేలోనే. ‘దీనికి చలి గుర్తుండదు’ అని నెలాఖరున పారేయబోతున్నారు. ఆలోపే రాజీనామా ఇచ్చి మాయమవుదామనుకుంటున్నాను.

తప్పులో సగం వాటా నీది కాబట్టి చెప్పాను.

నీ తోక

*

ఒరేయ్ తోకా,

కొలత తప్పు రాసి గుడ్డను తిట్టేవాణ్ణి మా కొట్లో ఒక్క పూట కూడా ఉంచుకోను. నీ రాజీనామా వల్ల ఆ విత్తనానికి ఒరిగేదేంటి? అది నోరు విప్పి చెప్పుకోలేదు. నీ నోటికి తాళం వేయడం పుట్టినప్పటి నుంచీ ఎవరి తరమూ కాలేదు కదా, వెళ్లి చెప్పు. నేరం బావ మీసాల మీదికి తోస్తే ఊరుకోను.

అక్క

*

అక్కా,

చెప్పేశాను. రాజీనామా కవరు బల్ల మీద పెట్టి, జరిగింది చెప్పి, ఇక ఉపన్యాసం అందుకోబోతుంటే మేడం, “ఎన్ని గంటలు?” అన్నారు.

“అరవై పైనే, మేడం.”

“పైనే అంటే?”

“అరవై మూడు.”

కవరు వెనక్కి తిప్పి ఆ అంకె రాసుకున్నారు. తిట్టినా బాగుండేది. చివరికి, “అయితే తప్పు విత్తనానిది కాదేమో,” అన్నారు, నాతో కాదు, కిటికీతో. కళ్లజోడు రెండుసార్లు తుడుచుకున్నారు. నోట్‌బుక్ తెప్పించి, ‘నిరాటంకం’ నా చేతే కొట్టేయించి, పక్కన సంతకం పెట్టించారు.

“రాజీనామా తీరిగ్గా చదువుతాను. ముందు చలిగది కడుగు.”

ఆమెకు ఒక ఏడాది పోయింది. అది నేను తెచ్చివ్వలేను. అదే విత్తనం ఇవాళ మళ్లీ నాటాం. ఈ ఎనిమిది వారాలూ నా ఫోన్ ఆమె సొరుగులో ఉంటుంది. బావ ఈసారి ఏం తీసేసినా ఉత్తరమే రాయి.

చలిగది కాపలాదారు,
నీ తోక