నేల సర్దుబాటు

మేనల్లుడికి,

అత్త దీవెనలు. వాటి వెనకాలే ఒక పని కూడా వస్తోంది, కాసుకో.

మీ మామయ్య మోకాళ్ళు తప్ప ఇక్కడ మిగతా ఇల్లంతా బాగానే ఉంది. మొన్న కుట్టుమిషను సొరుగు ఊడి చేతికొచ్చింది. దాని వెనక ఇరుక్కుపోయిన మీ తాతయ్య కొలతల పుస్తకం బయటపడింది. ఎవరి భుజం ఎంత, ఎవరి నడుం ఎంత అన్న లెక్కల మధ్య ఒక మూల, "నాణేల డబ్బా పెరట్లో పాతాను, జానెడు లోతు" అని ఉంది. అంతే! ఏ మూలో రాయలేదు. ఊళ్ళోవాళ్ళ చొక్కా జేబులు ఎన్ని అంగుళాలో రాసుకున్న మనిషి, సొంత డబ్బా ఎక్కడ పెట్టాడో రాసుకోలేదు.

ఆ డబ్బా గొడవ నీకు తెలుసుగా. తాతయ్య పోయిన వారానికి, పాత నాణేలున్న ఆ బిస్కట్ల రేకు డబ్బా కనబడలేదు. మీ నాన్న నలుగురిలో నిలబడి "ఇంట్లో ఉన్నవాళ్ళకే తెలియాలి" అన్నాడు. ఇంట్లో ఉన్నది ఎవరు? నేను. ఆ మాటకి పదకొండేళ్ళు. అప్పట్నుంచీ మా అన్నాచెల్లెళ్ళ మధ్య పలుకు లేదు, పలకరింపు లేదు. ఆ నాణేలు నాకొద్దురా. ఆ డబ్బా తవ్వి తీసి, మూత కూడా తియ్యకుండా మా అన్నయ్య చేతిలో పెట్టి, "ఇదిగో, ఇంట్లో ఉన్నవాళ్ళు తిన్నది" అనాలి. అది అనేదాకా నాకు అన్నం సహించదు.

నువ్వు పనిచేసే దుకాణంలో భూమిలో లోహాలు కనిపెట్టే యంత్రాలు అమ్ముతారుగా. ఏది మంచిదో, ఎలా పెట్టుకుని వెతకాలో వివరంగా రాయి. ఇంగ్లీషు ముక్కలు వద్దు, శుభ్రంగా తెలుగులో రాయి. మీ నాన్నకు మాత్రం చెప్పకు.

దీవిస్తూ,
మీ అత్త

తా.క. ముప్పయ్యేళ్ళుగా నా కుట్టుగది చెత్తంతా ఆ పెరట్లోనే ఊడ్చి పోశాను. హుక్కులు, టిచ్ బటన్లు, విరిగిన సూదులు. ఆ యంత్రానికి ముందే చెప్పి పంపు, కంగారుపడుతుంది.

●

అత్తకు నమస్కారాలు,

నీ ఉత్తరం చూసి దుకాణంలోనే ఎగిరి గంతేశాను. మీ ఇద్దరి మౌనానికి కాపలా కాసీ కాసీ నాకు విసుగొచ్చింది.

మా దగ్గర రెండు రకాలున్నాయి. చిన్నది తేలిక, మీటలు తక్కువ. కింద ఏ లోహం ఉన్నా ఒకటే కూత. పెద్దదానికి అద్దం మీద అంకెలు పడతాయి, గొంతులు కూడా వేరు. ఇనుముకి బొంగురు, నాణేలకి సన్నం. ఏది నీకు నప్పుతుందో ఇక్కణ్ణుంచి చెప్పలేను. చెప్పులు కొన్నట్టే, తొడుక్కుని నడిచి చూడాల్సిందే. అందుకని నెల రోజుల పరీక్షకి రెండూ పార్సిల్ చేశాను.

ఇక ఎలా పెట్టుకోవాలో. మూడు భోజన విరామాలు నిఘంటువు ముందేసుకుని అనువదించాను. ఇందులో ఒక్క ఇంగ్లీషు ముక్క దొరికితే నా చెవి మెలిపెట్టు.

అన్నిటికంటే ముందు నేల సర్దుబాటు జరగాలి. అది తేల్చకుండా మిగతావి ముట్టుకుంటే ఇక రోజూ గోలే. రెండోది వివక్ష. డబ్బా విషయంలో ముందునుంచీ ఉన్న వివక్ష పూర్తిగా తీసేయాలి. అది ఎక్కువైతే కాళ్ళ దగ్గరున్నదాన్ని కూడా కాదనుకుంటాం. మూడోది సున్నితత్వం. నీ దగ్గర అది సగానికి తగ్గాలి, లేకపోతే ప్రతి చిన్నదానికీ అరుపులే. ఇవేవీ పనిచెయ్యకపోతే చుట్ట మార్చి చూడండి. పెద్ద చుట్ట బాగా లోతుకు పోతుంది. చెత్త ఎక్కువున్న చోట చిన్న చుట్టే మేలు.

నీ డబ్బా నీకు దొరకాలని కోరుకుంటూ,
నీ మేనల్లుడు

తా.క. ఇదంతా నా సొంత కవిత్వం కాదు. అనుభవమున్న పెద్దాయన పక్కన కూర్చుని చెబుతుంటే రాశాను.

●

శ్రీ మేనల్లుడుగారికి,

తమరి ఉత్తరం అందింది. తమరి పక్కన కూర్చుని చెప్పిన ఆ పెద్దాయన ఎవరో కూడా అర్థమైంది. చెప్పొద్దంటే వెళ్ళి ఆయనకే చెప్పారన్నమాట!

నేల సర్దుబాటా? అదీ సంగతి. పదకొండేళ్ళు నోరు విప్పని మనిషి ఇవాళ నీ కలంతో పెరట్లో వాటా అడిగించాడు. అది తేల్చకపోతే రోజూ గోల చేస్తాడా? చెయ్యమను.

వివక్ష! ఎవరి మీద చూపించానురా వివక్ష? నీకూ నా పిల్లలకీ ఒకే తానులోంచి చొక్కాలు కుట్టాను. ముక్క తక్కువైతే నా కొడుక్కే పొట్టి చేతులు పెట్టాను, నీకు పెట్టలేదు. వాడు ఇప్పటికీ దెప్పుతాడు. ఇక సున్నితత్వం. అరవై నాలుగేళ్ళొచ్చాక నేను సగానికి తగ్గాలట, నావి అరుపులట. ఆ మాట రాసేటప్పుడు నీ చెయ్యి వణకలేదా?

వీటన్నిటికీ మించి చుట్ట. మీ మామయ్య చుట్ట మానేసి ఏడేళ్ళు. నీ ఉత్తరం పైకి చదువుతుంటే అక్కడిదాకా కళ్ళు మూసుకుని విన్న మనిషి, "ఆగాగు, ఆ ముక్క మళ్ళీ చదువు" అన్నాడు. నేను తేరుకునేలోగా చెప్పులేసుకుని వెళ్ళి రెండు సైజులూ తెచ్చుకున్నాడు. ఏమిటిదంటే, "దుకాణంవాళ్ళే రాశారుగా, మనం కాదంటే ఎలా" అంటాడు. పెద్దది లోతుకు పోయే మాట మాత్రం నిజమే. దగ్గు అక్కణ్ణుంచే వస్తోంది.

ఇట్లు,
చిన్నదానికీ పెద్దదానికీ అరిచే మీ అత్త

తా.క. రెండు పెట్టెలూ వచ్చాయి. విప్పలేదు. ఒకదాని మీద మీ మామయ్య కాలు చాపుకుని పరీక్ష చేస్తున్నాడు.

●

అత్తా, అత్తా, అత్తా,

ముందు మామయ్య నోట్లోంచి అది తీయించు. తరువాత చదువు.

చుట్ట అంటే తీగచుట్ట! యంత్రం కర్ర చివర పళ్ళెంలాంటిది ఉంటుంది, దానిలోపల రాగితీగ చుట్టి ఉంటుంది. దాన్నే నేల మీద ఊపుతారు. వివక్ష అంటే ఇనుము వస్తే కూత పెట్టకుండా వదిలెయ్యమని యంత్రానికి చెప్పే మీట. తాతయ్య డబ్బా ఇనుప రేకుది కాబట్టి దాన్ని తీసెయ్యమన్నాను. సున్నితత్వం తగ్గాల్సింది యంత్రానికి. నువ్వు ఒక్క రవ్వ కూడా తగ్గకు. నువ్వు తగ్గితే మాకెవ్వరికీ బాగుండదు.

నేల సర్దుబాటంటే వాటా కాదు తల్లీ! మట్టిలో కూడా ఇనుప రజను ఉంటుంది, ఖాళీ నేల మీద కూడా యంత్రం కూస్తుంది. పళ్ళేన్ని నేల మీద పైకీ కిందకీ ఆడిస్తూ, కూత ఆగేదాకా మీట తిప్పాలి. అంతే. ఆ పెద్దాయన మా దుకాణం మెకానిక్కు. నాన్నకి ఈ సంగతి ఏమీ తెలియదు, ఒట్టు.

నిఘంటువుని అలమర మీదకి విసిరేసిన,
నీ మేనల్లుడు

తా.క. నాకు పొట్టి చేతులు పెట్టనందుకు ఇన్నేళ్ళకి కృతజ్ఞతలు. నీ కొడుకు నన్ను కూడా దెప్పుతాడు.

●

మేనల్లుడికి,

దీవెనలు. గారు తీసేశాను. పెట్టెలు కూడా విప్పాను.

నేల సర్దుబాటు చేశాను, వివక్ష తీసేశాను. ముందు చిన్నది పట్టుకున్నాను. గుమ్మం దిగగానే మొదలుపెట్టింది రా, గోడదాకా ఆపలేదు. అడుక్కో హుక్కు. నేను ముప్పయ్యేళ్ళలో ఎంతమంది జాకెట్లు కుట్టానో మా పెరడు ఒక్కసారే అప్పజెప్పింది. పెద్దది కాస్త మర్యాదస్తురాలు. అంకె చూపించి, గొంతు మార్చి చెబుతుంది. కానీ ఇత్తడి జిప్పు కొక్కానికీ నాణేనికీ దాని దగ్గర ఒకటే అంకె, ఒకటే సన్నగొంతు. సన్నగా పిలిచినప్పుడల్లా ఆశపడి తవ్వడం, జిప్పు కొక్కెం చూసి నిట్టూర్చడం. ఇప్పటికి ముప్పయ్యారు. నీ మాట విని పెద్దదానికి చిన్న తీగచుట్ట తగిలించాక నయం, పక్కపక్కనున్న రెండింటినీ విడదీసి చెబుతోంది.

మీ మామయ్య గొయ్యి తవ్వనన్నాడు, కుర్చీ వేసుకుని పర్యవేక్షిస్తున్నాడు. చుట్ట మాత్రం ఆపలేదు. "ఉత్తరంలో సవరణ వచ్చిందట గానీ నా దాకా అధికారికంగా రాలేదు" అంటాడు.

ఒళ్ళంతా మట్టి కొట్టుకున్న,
మీ అత్త

తా.క. ఒక చిన్న పొరపాటు జరిగింది. నీ రెండో ఉత్తరం రాకముందే, కోపంలో, మీ నాన్నకి ఒక కాగితం పంపాను. "పెరట్లో సగం నీదే. టేపు తెచ్చుకుని కొలుచుకో" అని రాసి సంతకం పెట్టాను. ఈపాటికి అందే ఉంటుంది. ఎలాగైనా దాన్ని మాయం చెయ్యరా.

●

అత్తకు నమస్కారాలు,

ఆలస్యమైపోయింది. కాగితం అందింది. నాన్న దాన్ని నిలబడి చదివాడు, కూర్చుని చదివాడు, మళ్ళీ నిలబడ్డాడు. "నేనడిగానా? నేనెప్పుడైనా అడిగానా? నాకు పెరడు ముష్టి వేస్తోందా?" అంటూ చొక్కా తిరగేసి తొడుక్కున్నాడు. అమ్మ చెప్పబోతే వినలేదు. నేను యంత్రం సంగతి మొత్తం చెప్పాను. అదీ వినలేదు. టేపు మాత్రం జేబులో పెట్టుకుని బస్సెక్కాడు.

ఈ ఉత్తరం కంటే ముందే ఆయన నీ గుమ్మంలో ఉంటాడు. తిరగేసిన చొక్కా గురించి మాత్రం ఏమీ అనకు. ఇంకొక మాట. ముప్పయ్యేళ్ళు రేడియోలు బాగుచేసిన మనిషి, మీట కనబడితే తిప్పకుండా ఉండలేడు. యంత్రాలు దాచెయ్యి.

భయపడుతూ,
నీ మేనల్లుడు

తా.క. ఇనుప మేకుల బూట్లతో బయల్దేరాడు. దాచడం కుదరకపోతే, యంత్రం ఆయన పాదాల దగ్గర పెట్టకు. నీకు దొరికిన నిధి ఆయనే అనుకుంటుంది.

●

మేనల్లుడికి,

దీవెనలు. ఇవాళ శుక్రవారం. మీ నాన్న సోమవారం వచ్చాడు, ఇంకా ఇక్కడే ఉన్నాడు.

వచ్చినప్పుడు పెద్ద యంత్రం నా చేతిలోనే ఉంది. గేటు దగ్గర టేపు పట్టుకుని నిలబడ్డాడు. నేను చూడనట్టు ఊపుతున్నాను. పదకొండేళ్ళ తరువాత నాతో అన్న మొదటి మాట ఏమిటో తెలుసా? "అలా చీపురు ఊపినట్టు ఊపితే ఏం దొరుకుతుంది?" నేనూరుకుంటానా? "నీ చొక్కా తిరగబడింది" అన్నాను. అనొద్దన్న నీ ఉత్తరం మర్నాడు వచ్చింది, నా తప్పు లేదు.

ఆ తరువాత యంత్రం లాక్కున్నాడు. సున్నితత్వం పెంచాడు, నేను తగ్గించాను. ఆయన పెద్దది, నేను చిన్నది పట్టుకుని చెరో గోడ నుంచి మొదలుపెట్టాం. ఆ కూతల మధ్యే మొత్తం బయటికొచ్చింది.

"నేను తీశానని నలుగురిలో అన్నావుగా" అన్నాను.

"ఎప్పుడన్నాను? ఇంట్లో ఉన్నవాళ్ళకే తెలియాలి అన్నాను. అంటే చెల్లెలికి తెలిసుంటుంది, అడుగుదాం అని."

"మరి అడగలేదేం?"

"నువ్వు తలుపేసుకున్నావు. నేనే తీశానని నువ్వు అనుకుంటున్నావని నేను ఇంటికెళ్ళిపోయాను."

చూశావుట్రా? ఆయన నన్ను అనుమానించలేదు, నేను ఆయన్ని అనుమానించలేదు. ఒక మాటకి ఇద్దరం రెండు అర్థాలు చెప్పుకుని పదకొండేళ్ళు పోగొట్టుకున్నాం. గొయ్యి గట్టు మీద కూర్చుని నేను ఏడ్చాను. ఆయనా ఏడ్చాడు గానీ, మట్టి పడిందన్నాడు. మీ మామయ్య ఆ కన్నీళ్ళ నేరం తన చుట్ట పొగ మీద వేసుకుని, "నా వల్లే, నా వల్లే" అన్నాడు.

రోజూ పొద్దున్నే వెతుకులాట. చిన్నప్పటి కబుర్లు చెప్పుకుంటూ తవ్వుతున్నాం. డబ్బా దొరికేదాకా కదలనంటున్నాడు.

సంతోషంగా,
మీ అత్త

తా.క. ఇది ఒక్కడివే చదువు. డబ్బా దొరికింది. ఇందాక మీ నాన్న భోంచేసి నడుం వాల్చినప్పుడు, వెనకగోడ మూల, నా చిన్న యంత్రానికి. మళ్ళీ అక్కడే పెట్టి మట్టి కప్పి, కాళ్ళతో తొక్కేశాను. దొరికిందంటే మా అన్నయ్య రేపే బస్సెక్కుతాడు. ఇప్పుడే పంపలేను రా. మీ మామయ్య చూశాడు, నోరు మూయించడానికి ఒక చుట్ట ఇచ్చాను. యంత్రాలు ఇంకో నెల ఉంచుకోవచ్చా?

●

అత్తకు నమస్కారాలు,

ఎన్ని నెలలైనా ఉంచుకో. మా యజమాని అడిగితే నేను చెప్పుకుంటాను.

నీ ఉత్తరంతో పాటు అదే సంచీలో నాన్న ఉత్తరం కూడా వచ్చింది. ఎవరికీ చెప్పొద్దని మూడుసార్లు రాశాడు. అయినా చెప్పక తప్పదు. ఆ డబ్బా గురువారమే నాన్నకు దొరికిందట. నువ్వు లోపలికి వెళ్ళినప్పుడు పెద్ద యంత్రం బొంగురుగా కూసిందట. మూత తియ్యలేదు. "దొరికిందంటే నేనిక్కడ ఉండడానికి వంక ఉండదురా, పదకొండేళ్ళ కబుర్లు నాలుగు రోజుల్లో అయిపోతాయా?" అని రాశాడు. తిరిగి అక్కడే పాతేశాడు. మామయ్యకి ఆయన కూడా ఒక చుట్ట ఇచ్చాడు.

ఇప్పుడు అసలు సంగతి. శనివారం పొద్దున చూస్తే ఆ మూల మట్టి ఎవరో తొక్కినట్టు ఉందట. నువ్వు అక్కడిదాకా వచ్చేశావని, ఇవాళో రేపో డబ్బా నీ చేతికి చిక్కుతుందని ఆయనకి గుండె దడ. అందుకని నువ్వు నీళ్ళు పోసుకునేటప్పుడు దాన్ని తీసి ఇంకో చోట పాతాడు. ఎక్కడో నాక్కూడా చెప్పలేదు. కాబట్టి అత్తా, నీకు దణ్ణం పెడతాను. ఇవాళ నువ్వు వెనకగోడ మూల యంత్రం పెడితే అది కుయ్యిమనదు. తవ్వి చూసినా డబ్బా ఉండదు. అప్పుడు మాత్రం దయచేసి "అన్నయ్య ఎత్తుకుపోయాడు" అనుకుని తలుపు వేసుకోకు.

నీ మేనల్లుడు