పద్నాలుగు నూలు కట్టల రక్తశుద్ధి

బెజవాడ, గవర్నర్‌పేట
1948 జూన్ 1, మంగళవారం

ఉదయం 5.00. ఆముదం, రెండు చెంచాలు. ఇరవై ఒక్క రోజుల రక్తశుద్ధి మొదలయింది! మా అమ్మమ్మ నేర్పిన పద్ధతి. ఉదయం వేపచిగుళ్ళు, తిప్పతీగ, కరక్కాయల కషాయం. మధ్యాహ్నం జావ, పలుచని మజ్జిగ. సాయంత్రం ధనియాల నీళ్ళు. మానవలసినవి: కాఫీ, ఆవకాయ, వేపుళ్ళు, మామిడిపళ్ళు.

కారణం నా మనుమరాలు శివపార్వతి. ఇంటర్ ప్యాసయింది. గుంటూరు వెళ్ళి డాక్టరీ చదువుతానంటుంది. నాకు ఇష్టం లేదు. ఒంట్లో మలినాన్ని కడిగే మందు వంటింట్లోనే ఉండగా శవాలు కోసే చదువెందుకని నిన్న భోజనాల దగ్గర అడిగాను.

“ఆ పని కాలేయమూ మూత్రపిండాలూ రోజూ చేస్తూనే ఉన్నాయి నాయనమ్మా. నీ కషాయం కోసం ఎదురుచూస్తూ కూర్చోలేదు.”

“చదవకముందే ఇంత నోరా!”

“సరే, మలినం పోయిందని ఎలా తెలుస్తుంది?”

“పోతే ఆ మేరకు బరువు తగ్గాలి. తగ్గుతుంది.”

ఒప్పందం: 21వ తేదీకి నాలుగు పౌన్లు తగ్గితే పార్వతి ఇక చదువు మాట ఎత్తదు. తగ్గకపోతే దరఖాస్తు మీద సంతకం పెట్టమని వాళ్ళ నాన్నకు, అంటే మా అబ్బాయి మార్కండేయులుకు, నేనే చెబుతాను. వాడు నా మాట దాటడు. దరఖాస్తు పంపడానికి 23 ఆఖరు.

ఉదయం 9.00. మా గిడ్డంగిలో నూలు తూచే పెద్ద కాటా మీద తూకం. ఇనప రాళ్ళు పొద్దంతా దుకాణంలో వాడకంలో ఉంటాయి. అందుకని ఒక పళ్ళెంలో నేను, రెండో పళ్ళెంలో నూలు కట్టలు. మిల్లు ముద్ర ఉన్న కట్ట అంటే పది పౌన్లు, తిరుగు లేదు. పద్నాలుగు కట్టలకు సరిపోయాను. 140 పౌన్లు.

ప్రతి సోమవారం ఇవే కట్టలతో తూయాలి. వాటికి సుద్దముక్కతో గుర్తు పెట్టి, ఎవరూ అమ్మకుండా పెరటి వరండాలో పెట్టించాను.

జూన్ 2, బుధవారం

కషాయం పూర్తి గ్లాసు. ఒళ్ళు దూదిలా ఉంది. ఈ పద్ధతి ఊరంతటికీ చెప్పాలి!

మధ్యాహ్నం 12.00. కోడలు చౌడేశ్వరి పులిహోర చేసింది. తినలేదు. వాసన లెక్కలోకి రాదు.

జూన్ 5, శనివారం

ఉదయం 6.10. తలనొప్పి. మలినం కదులుతున్న గుర్తు.
6.40. ఇంకా కదులుతోంది.
7.00. కాఫీ, మూడు గుటకలు. మందుగా.

జూన్ 7, సోమవారం

తూకం: 140. కాటా ముల్లు అంగుళం కదలలేదు. పార్వతి కట్టలు లెక్కపెట్టి వెళ్ళిపోయింది. ఏదైనా అని ఉంటే బాగుండేది.

జూన్ 10, గురువారం

సాయంత్రం 4.00. వాన! పెరడంతా నీళ్ళు. వరండాలోకి జల్లు కొట్టింది.
4.30. వానలో శరీరానికి వేడి అవసరం. మిరపకాయ బజ్జీలు, నాలుగు.
4.45. ఆరు.

జూన్ 14, సోమవారం

మూడు రోజులుగా ముసురు. తూకం: 138! బజ్జీలు తిన్నా తగ్గాను. నూనె మలినాన్ని జార్చి ఉంటుంది. అమ్మమ్మకు కూడా తెలియని సంగతి.

జూన్ 17, గురువారం

నూజివీడు నుంచి బుట్టెడు రసాలు వచ్చాయి. పళ్ళు పథ్యమే కదా! మూడు. అన్నంలో కొత్తావకాయ. అరుగుదలకు కొంచెం నెయ్యి. కషాయం అర గ్లాసు, మిగిలింది కరివేపాకు మొక్కకు.

చౌడేశ్వరి చూసింది. “అత్తయ్యా, పాపం ఆ మొక్కకు ఏ మలినముందని? రెండు రోజుల్నించీ ఆకు రాలుస్తోంది.”

“నీ పని చూసుకో.”

జూన్ 21, సోమవారం

ఇంకా వాన. తూకం: పదమూడు కట్టలు, పైన పద్నాలుగో కట్ట విప్పి తీసిన ఆరు పౌన్ల నూలు చిలపలు. 136. సరిగ్గా నాలుగు పౌన్లు తగ్గాను!

పార్వతి ముల్లు వైపు రెండుసార్లు చూసింది. “ఓడిపోయాను నాయనమ్మా” అని, దరఖాస్తు మడిచి పెట్టెలో పెట్టేసింది. ఏడవలేదు. వాళ్ళమ్మకు పప్పు రుబ్బిపెట్టడానికి వెళ్ళింది. ఇన్నేళ్ళలో అడక్కుండా పప్పు రుబ్బడం ఇదే మొదలు.

గెలిచినందుకు కాఫీ తాగాను. చప్పగా ఉంది.

జూన్ 22, మంగళవారం

ఉదయం 10.00. చల్లపల్లి నుంచి నేతగాడు ఆదిశేషయ్య నూలుకు వచ్చాడు. పందెం అయిపోయింది కదా అని వరండాలోని కట్టనే ఒకటి ఇప్పించాను. చేత్తో ఎత్తి చూశాడు.

“ఇది పది పౌన్ల కట్టేనాండీ అమ్మగారూ? బాగా చెమ్మ తాగేసిందండీ. పిండితే చెంబుడు నీళ్ళొచ్చేట్టున్నాయి.”

వానాకాలం నూలు బరువెక్కుతుందని మా ఇళ్ళల్లో పాకే పిల్లలకు కూడా తెలుసు. నలభై ఏళ్ళుగా నూలు మధ్య బతుకుతున్నాను. అవే కట్టలు, అవే కట్టలు అని ఒంటికాలి మీద నిలబడింది నేనే!

అతనికి వేరే పొడి కట్ట ఇప్పించి పంపాను.

11.30. దుకాణం నుంచి ఇనప రాళ్ళు తెప్పించాను. కట్ట పదిన్నర పౌన్లు తూగింది. తర్వాత నేను: 142 పౌన్ల 13 ఔన్సులు. తగ్గలేదు సరికదా, దాదాపు మూడు పౌన్లు పెరిగాను.

12.00. ఎవరికీ తెలియదు. ఆదిశేషయ్య బస్సెక్కేశాడు.
2.00. ఆడపిల్ల హాస్టల్లో ఉండటం ఏమంత మంచిది?
3.00. పార్వతి మళ్ళీ పప్పు రుబ్బుతోంది.
3.10. పిలిచాను. రాళ్ళు చూపించాను. అంతా చెప్పాను.

రాళ్ళు తనే మరోసారి లెక్కపెట్టింది. “చెప్పకపోతే నాకు తెలిసేది కాదుగా!”

“నాకు తెలిసింది. చాలదా?”

“నాయనమ్మా, నీ లాంటి వాళ్ళే డాక్టరీ చదవాలి.”

“చాల్లే వెటకారం. ఆ దరఖాస్తు పట్రా.”

మార్కండేయులు వచ్చి నా మొహం చూశాడు, పార్వతి మొహం చూశాడు. “ఏంటమ్మా, నిన్న గెలిచావన్నారుగా?”

“తూకం తప్పు. సంతకం పెట్టు.”

పెట్టాడు. రేపటి దాకా ఆగడం నాకిష్టం లేదు. నేనే టపాలో వేసి వచ్చాను. దారంతా వాన. దరఖాస్తు తడవలేదు. నేను తడిశాను.

జూలై 12, సోమవారం

సీటు వచ్చింది. ఉదయం రైలుకు పార్వతిని మార్కండేయులు గుంటూరు తీసుకువెళ్ళాడు. స్టేషన్లో కాళ్ళకు దండం పెట్టి, ఇంటి కషాయాలు పనిచేస్తాయని తాను ఇప్పటికీ ఒప్పుకోనంది. రైలు కదులుతుంటే కిటికీలోంచి కేక: “ఇనప రాళ్ళతో మళ్ళీ మొదలుపెట్టు నాయనమ్మా! ఏం తాగావో, ఏం తిన్నావో, ఎంత తూగావో, ప్రతి సోమవారం కార్డు రాయాలి!”

ప్లాట్‌ఫారం మీద అంతమంది ముందు సరేనన్నాను.

10.00. ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉంది. వాదించేవాళ్ళు లేరు. చౌడేశ్వరి అన్నిటికీ “అలాగే అత్తయ్యా” అంటుంది.

10.30. రక్తశుద్ధి, మొదటి రోజు. తూకం, ఇనప రాళ్ళతో: 143 పౌన్ల 2 ఔన్సులు. కషాయం పూర్తి గ్లాసు.

10.50. పూర్తి గ్లాసు కాదు. ముప్పావు. కార్డు మీద ముప్పావనే రాశాను.