ఐలేష్ పేరు ఎదుట నేను పెట్టిన గుర్తు

శ్రీయుత రెవెన్యూ అధికారి గారి సముఖమునకు,
ఇబ్రహీంపట్నం, రంగారెడ్డి జిల్లా.

అర్జీదారు: బుగ్గయ్య, తండ్రి కీ.శే. శివయ్య, వయస్సు 51 సంవత్సరాలు, వృత్తి: మత్స్యకార సంఘంలో లెక్కలు రాయుట.

తేదీ: 29 అక్టోబరు.

అయ్యా,

విషయం: ఆగస్టు 14వ తేదీన చెరువులోకి పోయిన నా తమ్ముడు ఐలేష్ బయటికి వచ్చినట్టు సంఘం రిజిస్టరులో ఉన్న నమోదును రద్దుపరచి, ఆపివేసిన గాలింపును తిరిగి జరిపించుట గురించి.

1. నేను ఐదో తరగతి వరకు చదివినాను. తుక్కుగూడలో ఒక ప్లాట్ల వెంచరు దగ్గర వాచ్‌మన్‌గా ఉన్న కాలంలో డిక్షనరీ ముందు పెట్టుకొని ఇంగ్లీషు నేర్చుకున్నాను. పన్నెండేళ్లుగా మా సంఘం రిజిస్టరు నా చేతి రాతలోనే ఉంది.

2. రోజూ తెల్లవారగానే మా సభ్యులు వలలు ఎత్తడానికి థర్మాకోల్ తెప్పల మీద చెరువులోకి పోతారు. నేను తూము దగ్గర కూర్చొని పోయేవారి పేర్లు రాసుకుంటాను. తెప్ప మీదికి ఎవరూ చెప్పులతో ఎక్కరు. తూము గోడ కింద వరుసగా విడిచి పోతారు. తిరిగి వచ్చినవారు తమ పేరు కేక వేస్తే, ఆ పేరు ఎదుట గుర్తు పెట్టి సమయం రాస్తాను. కేక వినబడకపోతే చెప్పుల వరుస చూస్తాను. చెప్పులు లేకుంటే మనిషి వచ్చి ఇంటికి పోయినట్టు. ఈ పద్ధతి ఏ కాగితంలోనూ లేదు గాని మా అందరికీ తెలుసు.

3. ఆ రోజు పదకొండు మంది పోయినారు. ఏడున్నరకు పెద్ద వాన మొదలైంది. పది మంది కేకలు విన్నాను. ఐలేష్ కేక వినలేదు. వాన తగ్గినాక గోడ కింద చూస్తే ఒక్క జత కూడా లేదు. అతని పేరు ఎదుట గుర్తు పెట్టి 8.20 అని రాసినాను. ఆ సమయం నేను అనుకొని రాసినది.

4. ఐలేష్ చేపలు తీసుకొని అమ్మడానికి నేరుగా మహేశ్వరం పోయే అలవాటు ఉంది. కాబట్టి పొద్దంతా ఎవరూ వెతకలేదు. సాయంత్రం అతని భార్య అనురాధ వచ్చి అడిగితే రిజిస్టరు తెరిచి చూపించినాను. చూసి ఇంటికి పోయింది. మరునాడు అతని తెప్ప అవతలి కట్ట పక్కన తుంగలో దొరికింది. సగం ఎత్తిన వల దాని మీదనే ఉంది.

5. మూడు రోజులు సర్కారు తరఫున వచ్చినవారు చెరువు గాలించినారు. నాలుగో రోజు వారు రిజిస్టరు అడిగితే ఇచ్చినాను. గాలింపు ఆగిపోయింది. ఇందులో ఎవరి తప్పూ లేదు. బయటికి వచ్చిన మనిషిని నీళ్లలో ఎందుకు వెతుకుతారు.

6. గాలింపు మొదలైనప్పటి నుండి అనురాధకు తమ ఆఫీసు నుండి మూడు ఉత్తరాలు వచ్చినవి. మూడూ ఇంగ్లీషులో ఉన్నందున నా దగ్గరికే తెచ్చింది. మొదటి దానిలో అతడు నీళ్లలో ఉండవచ్చునని 'మే' అని రాసి ఉంది. రెండో దానిలో వేరే ఊరు పోయి ఉండవచ్చునని 'మైట్' అని ఉంది. మూడో దానిలో, రిజిస్టరు ప్రకారం అతడు చెరువు నుండి బయటికి వచ్చి ఉంటాడని 'మస్ట్' అని ఉంది. నా డిక్షనరీలో మస్ట్‌కు తప్పక అని ఉంది. తప్పక వచ్చిండట అని ఆమెకు చదివి చెప్పినాను.

7. మా వాడకట్టులో పెన్షన్ తీసుకున్న మరియ టీచరమ్మ ఉన్నది. నాకు నిద్ర పట్టక ఉత్తరాలు తీసుకుపోయి ఆమెకు చూపించినాను. మే అంటే కావచ్చు, కాకపోవచ్చు, రాసినవాళ్లకు తెలియదని చెప్పింది. మైట్ అంటే ఆ తెలియకపోవడం నుండి ఇంకో అడుగు వెనక్కి జరిగి చెప్పుడని చెప్పింది. మస్ట్ సంగతి అడిగితే, ముందుగా ఆ కాగితం మడిచి నా చేతికి ఇచ్చింది.

“చూసినోడు మస్ట్ అని రాయడు బుగ్గయ్యా. చూడనోడు ఆనవాలు పట్టుకొని గట్ల రాస్తడు. చూసినోడు వచ్చిండని రాస్తడు, అంతే.”

ఇంటికి వచ్చి రిజిస్టరు తీసి చూసినాను. ఉత్తరం రాసిన అధికారి తాను చూడలేదని ఒప్పుకొనే రాసినారు. నేను గుర్తు పెట్టినాను, సమయం వేసినాను.

8. అనురాధ గురించి కూడా తమరికి తెలియాలి. రెండుసార్లు అబ్దుల్లాపూర్‌మెట్ దాకా పోయి, రోడ్డు వెంబడి హోటళ్లలో ఫోటో చూపించి అడిగి వచ్చింది. నల్ల కాడ ఆడవాళ్లు, నీ మొగడు ఎవతెనో చూసుకున్నడని ఎగతాళి చేసినారు. చూసుకుంటే చూసుకోనీ, బతికున్నడు గదా అని బిందె ఎత్తుకొని వచ్చిందట. సెప్టెంబరులో ఒకనాడు నన్ను నేరుగా అడిగింది.

“బావా, నువ్వు కండ్లతోని చూసినవా?”

“చూసినట్టే” అన్నాను.

9. అక్టోబరు 9వ తేదీన సంఘం కాగితం మీద సంతకం కోసం మల్లేశయ్య ఇంటికి పోయినాను. ఆయన మాలో వయసులో పెద్ద సభ్యుడు, చూపు తక్కువ, ఆగస్టు 14న చెరువులోకి పోయిన పదకొండు మందిలో ఒకడు. గడప ముందు ఐలేష్ చెప్పులు ఉన్నవి. ఎడమ చెప్పు పట్టీ తెగితే వల దారంతో ఐలేష్ కుట్టుకున్నాడు. ఆ కుట్టు నాకు తెలుసు. ఇవి ఎక్కడివని అడిగినాను.

“నావి గా వానల కొట్కపోయినయో ఏమో, చెయ్యి పెడితే ఇవి దొరికినయ్, ఏస్కొచ్చిన. ఎవలన్న అడుగుతరనుకున్న. ఎవలు అడగకపాయె” అన్నాడు. కాలికి జర పెద్దగ అయితున్నయని కూడా అన్నాడు.

తాను చేసిన పని ఏమిటో ఆయనకు తెలియదు. నేను చెప్పలేదు. సంతకం తీసుకొని వచ్చినాను.

10. అప్పటి నుండి నేటికి ఇరవై రోజులు. ఎవరికీ చెప్పలేదు. దీనికి కారణం రాయడానికి మూడు కాగితాలు పాడు చేసినాను. చెబితే అనురాధ హోటళ్లలో అడగడం మానేస్తుంది. ఆపై నాకు తోచలేదు. ఈ ఇరవై రోజులు కూడా పొద్దున్నే తూము దగ్గర కూర్చున్నాను, పేర్లు రాసినాను, గుర్తులు పెట్టినాను. చెప్పుల వరుస మాత్రం చూడడం లేదు. కేక వేయనివారి ఇంటికి నడిచి పోయి మనిషిని చూసి వస్తున్నాను. ఇంత పొద్దున ఏం పని అని ఇళ్లల్లో అడుగుతున్నారు.

11. చెరువు ఎండి ఉన్న ఏళ్లలో రైతులు లోపల బావులు తవ్వుకున్నారు. నీళ్లు వచ్చినాక అవి మునిగిపోయినవి. ఉత్తరం వైపు తుమ్మ చెట్ల దగ్గర ఉన్న బావి మీద మా వలలు తట్టుకుంటాయి. ఐలేష్ ఆగస్టు 13 సాయంత్రం వల కట్టింది అక్కడే. గాలించినవారు అటు పోకముందే నా రిజిస్టరు వారి చేతికి పోయింది. వచ్చే సోమవారం ఆ వైపు గుర్రపుడెక్క తీసే యంత్రం దింపుతారని తెలిసింది.

12. కావున తమరిని కోరునది ఏమనగా:

(అ) ఆగస్టు 14వ తేదీన ఐలేష్ పేరు ఎదుట ఉన్న గుర్తును, 8.20 అను సమయాన్ని అబద్ధపు నమోదుగా పరిగణించి కొట్టివేయించగలరు. మల్లేశయ్య మీద చర్య ఏమీ వద్దు. నా మీద తమకు తోచినది తీసుకోగలరు.

(ఆ) యంత్రం దిగకముందే ఆ బావిలో గాలింపు జరిపించగలరు. చోటు నేను తెప్ప మీద వచ్చి చూపిస్తాను.

(ఇ) ఆ తరువాత అనురాధకు ఇచ్చే ఉత్తరం తెలుగులో ఇప్పించగలరు. దొరికితే దొరికినాడని, దొరకకపోతే దొరకలేదని ఉంటే చాలు. ఉండవచ్చును అను మాట ఆమెకు చదివి చెప్పడం ఇక నా చేత కాదు.

పై సంగతులన్నీ తమరు చిత్తగించి, సోమవారం లోపల ఉత్తర్వు దయచేయవలెను.

తమ విధేయుడు, తప్పు నమోదు చేసినవాడు,
బుగ్గయ్య

జతపరచినవి: రిజిస్టరు 14-8 నాటి పేజీ నకలు, ఉత్తరాలు మూడు, చెప్పులు ఒక జత. మల్లేశయ్యకు కొత్త జత ఇచ్చి ఇవి తీసుకున్నాను.

మళ్లీ మనవి: దీన్ని ఆఫీసుల ఇయ్యకముందు అనురాధ ఇంటికి పోయి, మొదటి నుంచి చివరి దాక చదివి వినిపించిన. వింటున్నంత సేపు నా దిక్కు చూడలే. అయిపోయినంక బాయి ఎంత లోతుంటదని అడిగింది. పన్నెండు గజాలని చెప్పిన. చెరువు ఎండిన ఏడాది నేను, ఐలేష్ అండ్ల దిగి పూడిక తీసినం. “అయితే పొడుగు తాళ్లు తెచ్చుకొమ్మని రాయి” అన్నది. కావున గాలింపునకు వచ్చువారు పొడవైన తాళ్లు తెచ్చుకోవలెనని మనవి.